ఐసు దిమ్మలో వాచీ

ఇరవై మూడు కాయితాలు. సువర్ణరాజు వాటిని మౌలాలి మాస్టారి బల్ల మీద పెట్టలేదు, కొట్టాడు. సాసర్లో ఉన్న టీ ఉలిక్కిపడి కొంచెం బల్ల మీదకు వచ్చింది.

"చదవండి మాస్టారూ. వీళ్లకోసమా నేను ఎనిమిది నెలలు చచ్చింది?"

మాస్టారు చదవలేదు. పైనున్న కాయితం తీసి దాంతో బల్ల మీది టీ తుడిచారు.

చీరాల నుంచి వాడరేవు పోయే దారిలో మూతపడ్డ సినిమా హాలొకటి ఉంది. దాన్ని సినిమా బడిగా మార్చి పదకొండేళ్లయింది. అందులో ఎడిటింగ్ పాఠం మౌలాలి మాస్టారిది. ఆయన చదువు ఆరో తరగతి దాకా, అదీ రెండుసార్లు. కొత్త బ్యాచి రాగానే ఆ సంగతి ఆయనే ముందు చెప్పేసేవారు. ఇంకొకరు కనిపెట్టి చెబితే తనకు చిన్నతనమట.

సువర్ణరాజుది వేరే రకం చదువు. ఆరేళ్లు మేనమామ స్టూడియోలో పెళ్లిళ్లకు వీడియోలు తీశాడు. సినిమా ఎవరూ నేర్పలేదు, ఫోన్లో చూసి తనే నేర్చుకున్నాడు. అందుకని తనకు వచ్చింది ఎంతో, రానిది ఎంతో అతనికి అంచనా లేదు. బళ్లో చేరాక మొదటి ఏడాది ఒక థ్రిల్లర్ తీశాడు. హంతకుడెవరో పేర్లు పడుతుండగానే తెలిసిపోయిందని పరీక్షకులు తప్పించారు. రెండో ఏడాది ఆ పొరపాటు చేయకూడదని ఇంకొకటి తీశాడు. అందులో హంతకుడెవరో చివరిదాకా ఎవరికీ తెలియలేదు. తనకు కూడా తెలియదని తర్వాత ఒప్పుకున్నాడు. ఇది మూడో ఏడాది. మూడోసారి తప్పితే పేరు కొట్టేస్తారు. అవతల మేనమామ డ్రోన్‌కి చార్జింగ్ పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

పరీక్షకు పదిహేను రోజులుంది. మౌలాలి మాస్టారు సంతకం పెట్టని సినిమాను పరీక్షకులు చూడరు. ఆయన సంతకం పెట్టాలంటే ముందు గురువారం ఆట ఆడాలి. సినిమా మొదటి అయిదారు నిమిషాలు, మధ్యాహ్నం రెండున్నరకు, ఊళ్లోవాళ్లకు వేసి చూపించాలి. స్నేహితులు రాకూడదు, చుట్టాలు అసలే రాకూడదు. శుక్రవారం అయితే కొత్త సినిమా వదిలి ఎవడూ రాడని గురువారం పెట్టారు. నీడ కోసం వచ్చేవాళ్లు, ఫ్యాను కోసం వచ్చేవాళ్లు, రేవులో చేపలమ్మి ఇంటికి పోతూ కాసేపు కూర్చునేవాళ్లు, వాళ్లే ప్రేక్షకులు.

సువర్ణరాజు సినిమా పేరు 'దిమ్మ'. చేపల రేవుకు వచ్చిన ఒక ఐసు దిమ్మలో ఒక ఆడవాళ్ల వాచీ గడ్డకట్టి ఉంటుంది. సెకన్ల ముల్లు ఇంకా తిరుగుతుంటుంది. కథ అక్కడ మొదలు. సినిమా మాత్రం అక్కడ మొదలు కాదు. ముందు డ్రోన్ సముద్రం మీద నిమిషమున్నర తిరుగుతుంది. తర్వాత సువర్ణరాజు సొంత గొంతు వినిపిస్తుంది. మనిషి గుండె కూడా ఒక ఐసు దిమ్మేననీ, ఈ ఐసులో ఒక స్త్రీ కన్నీటి కథ గడ్డకట్టి ఉందనీ ఆ గొంతు చెబుతుంది. తర్వాత హీరో వీపు. ఆ వీపు చాలా దూరం నడుస్తుంది. తర్వాత ఐసు లారీ, మూడు వైపుల నుంచి. వాచీ వచ్చేసరికి నాలుగు నిమిషాల నలభై సెకన్లు. వెంటనే ఒక పనివాడు సుత్తితో దిమ్మను బద్దలు కొడతాడు.

ఆట అయ్యాక పంచడానికి సువర్ణరాజు అచ్చు వేయించిన కాయితాలే ఇప్పుడు మాస్టారి బల్ల మీదున్నాయి. ఈ ప్రారంభం మీలో కలిగించిన ఉత్కంఠ ఎంత అని మొదటి ప్రశ్న. కింద మూడు గడులు: చాలా, విపరీతంగా, మాటల్లో చెప్పలేనంత. ఇరవై మూడు మందిలో ఒక్కరూ టిక్కు పెట్టలేదు. అందరూ కింద ఖాళీలో తోచింది రాశారు. తొమ్మిది మంది 'బాగుంది' అన్నారు. ఆ తొమ్మిది బాగుందిలూ ఒకే సిరాతో, ఒకే విసుగుతో ఉన్నాయి. టైలర్ జిలానీ పాటుంటే బాగుండునన్నాడు. రిటైరైన హెడ్ కానిస్టేబుల్ పోలీసులు ఎప్పుడొస్తారని అడిగాడు. డిగ్రీ చదివే అమ్మాయి హీరో మొహం చూపించలేదని రాసింది. ఒకాయన సినిమా గురించి ఏమీ రాయకుండా మూడో ఫ్యాను తిరగడం లేదని రాశాడు.

పదిహేడో కాయితం నాంచారమ్మది. ఆమె రేవులో చేపలమ్ముతుంది. రాయడం రాదు గనక జిలానీ రాసిపెట్టాడు. అందులో ఉన్నవి మూడే మాటలు: ఐసు అట్టా కొట్టరు.

సువర్ణరాజుకు అన్నిటికన్నా ఆ కాయితం మీద మండింది. ఈ ఊరికి సినిమా అక్కర్లేదన్నాడు. వీళ్లకు పెళ్లి వీడియోలే ఎక్కువన్నాడు. ప్రపంచంలో ఎక్కడెక్కడ డైరెక్టర్లు ఎన్నేసి నిమిషాలు సముద్రం చూపించారో చెప్పుకొచ్చాడు. మాస్టారు టీ అయిపోయేదాకా విన్నారు.

"వీళ్లు అబద్ధం రాశారంటావా?"

"అబద్ధం కాదండీ, తెలివితక్కువ."

"అయితే వచ్చే గురువారం మళ్లీ వేద్దాం."

"మార్చా, మార్చకుండానా?"

"సినిమా నాదా అబ్బాయా?"

కాయితాలు అక్కడే వదిలేసి సువర్ణరాజు తలుపు ధడాలుమనిపించి వెళ్లిపోయాడు. ఆ తలుపుకు గడియ సరిగ్గా లేదు. కాబట్టి అది మళ్లీ తెరుచుకుంది. వెనక్కి వచ్చి మెల్లగా వేసి వెళ్లాల్సి వచ్చింది. కోపంలో ఉన్న మనిషికి అంతకన్నా అవమానం ఉండదు.

సినిమాకు ఎడిటింగ్ చేస్తున్నది పద్మలత, అతని బ్యాచే. ఆ సాయంత్రం ఆమె ముందు కూర్చుని సువర్ణరాజు వాళ్లడిగిందల్లా ఇచ్చేద్దామన్నాడు. పాట కావాలన్నారా, పాట. పోలీసులు కావాలన్నారా, జీపు సైరన్ తో సహా. హీరో మొహం, పెద్దగా, రెండుసార్లు. సముద్రం బాగుందని ఒకరు రాశారు కాబట్టి సముద్రం ఇంకో నిమిషం. ఐసు కొట్టడం నచ్చలేదా, అయితే అదే మూడు యాంగిల్స్ లో చూపిద్దాం. కోపంతో చేసే పనికి అలసట తెలియదు. నాలుగు రోజుల్లో సినిమా ప్రారంభం తొమ్మిది నిమిషాలయింది.

పద్మలత పెదవులు బిగబట్టి కత్తిరించింది. అయ్యాక ఒకే మాటంది. "ఇది ఎవరికోసం తీశావో తెలుస్తోంది. ఎవరిమీద తీశావో కూడా తెలుస్తోంది."

రెండో గురువారం ఆట నడుస్తోంది. సువర్ణరాజు మొదటి వరసలో, తెరకు ఎదురుగా కూర్చున్నాడు. ఇప్పుడేమంటారో చూద్దామని అతని ఉద్దేశం. ఆరో నిమిషంలో పక్క నుంచి ఎవరో లేచి వెళ్లడం తెలిసింది. వెనకే లేచాడు. గుమ్మం దగ్గర నాంచారమ్మ చెప్పులు తొడుక్కుంటోంది.

ఎక్కడికని అడిగాడు. బుట్ట బయట ఉందయ్యా, పిల్లులు తిరుగుతుండాయి అందామె. ఎట్లా ఉంది సినిమా అని అడిగాడు. ఆ అడగడంలో అడగడం లేదు.

"బాగనే ఉండాదిలే. ఐసు మటుకు అట్టా కొట్టరబ్బాయా."

పదిహేడో కాయితం అతని కళ్ల ముందు నిలబడింది. "నీకేం తెలుసు సినిమా గురించి? చేపల కంపు తప్ప ఏం తెలుసు? థ్రిల్లరంటే తెలుసా నీకు?"

మాట గట్టిగానే వచ్చింది. లోపల వెనక వరసల వాళ్లు తెర వదిలి ఇటు తిరిగారు. సినిమాలో అప్పుడు పోలీసు జీపు వస్తోంది, ఎవరూ చూడటం లేదు.

నాంచారమ్మ రెండో చెప్పు తొడుక్కుంది. బుట్ట ఎత్తుకుంది. "నాకు తెలీదులేయ్యా" అని మెట్లు దిగిపోయింది.

తిరిగి చూస్తే మాస్టారు టిక్కెట్ల గది పక్కన నిలబడి ఉన్నారు. ఆయనకు కోపం వచ్చిందని ఎలా తెలుస్తుందో ఆ బళ్లో అందరికీ తెలుసు. కోపం వస్తే ఆయన మర్యాద పెరుగుతుంది.

"సువర్ణరాజు గారూ" అన్నారాయన. "వచ్చే గురువారం మీరు మొదట తీసిందే వేస్తున్నారు. ఒక్క ముక్క తీయకుండా, ఒక్క ముక్క కలపకుండా."

"శనివారం పరీక్షండీ. గురువారం అదే చెత్త వేసి, రెండు రోజుల్లో నేనేం..."

"చెత్త అన్నది మీరే. నేననలేదు."

ఆ వారమంతా సువర్ణరాజు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మాస్టారు తనను కావాలనే తప్పిస్తున్నారని రూఢి చేసుకున్నాడు. ఆయన అనబోయే మాటలకు తను చెప్పబోయే జవాబులు ఒక్కొక్కటీ తయారు చేసుకున్నాడు. స్నానం చేస్తూ చెప్పుకున్నవి బాగా వచ్చాయి. బస్సులో చెప్పుకున్నవి ఇంకా బాగా వచ్చాయి గానీ పక్కాయన లేచి వేరే సీట్లో కూర్చున్నాడు.

మూడో గురువారం రెండుంబావుకు వెళ్లేసరికి హాలు ముందర మాస్టారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా వెదురు తట్ట, మెడకు తగిలించుకోవడానికి దానికి రెండు తాళ్లు. తట్టలో వేడి బఠాణీలు, కొన్ని పొట్లాలు కట్టి ఉన్నాయి, కొన్ని కడుతున్నారు. సువర్ణరాజు ఒక పొట్లం తీసి చూశాడు. దాని మీద పాటుంటే బాగుండు అని ఉంది. ఇంకొకటి తీశాడు. ఉత్కంఠ ఎంత అని ఉంది, పక్కనే మూడు ఖాళీ గడులు.

"ఇవి నా కాయితాలు."

"మందంగా ఉన్నాయి. బఠాణీ వేడి చేతికి తగలదు" అన్నారు మాస్టారు. "మెడకు వేసుకోండి."

"నేనా?"

"సినిమా మీకెలాగూ తెలిసిందే కదా. లోపల తిరగండి. అరవొద్దు, అడగొద్దు. చెయ్యి చాపినవాళ్లకు ఇవ్వండి."

తట్ట ఎత్తి రోడ్డు మీద పారేద్దామని సువర్ణరాజుకు నిజంగానే అనిపించింది. అతని చేతులు దాని అంచు దాకా వెళ్లాయి కూడా. కాయితం మీద ఆయన సంతకం లేకపోతే శనివారం లేదు. శనివారం లేకపోతే ఇక పెళ్లికొడుకు ముందు వెనక్కి నడుస్తూ, 'సార్ ఇటు చూడండి, మేడం కొంచెం నవ్వండి' అనడమే బతుకంతా. తాళ్లు మెడకు వేసుకున్నాడు. సంతకం పెట్టించుకున్న మరుక్షణం ఆయనతో ఏమనాలో ఆ గుమ్మంలోనే నిర్ణయించుకున్నాడు. అది ఇక్కడ రాయదగ్గ మాట కాదు.

లైట్లు ఆరాయి. తెర మీద సముద్రం వచ్చింది.

డ్రోన్ మొదటి మలుపు తిరగకముందే మూడు చేతులు చాపారు. రెండో మలుపుకు ఇంకో నలుగురు. హాల్లో కరకర మొదలయింది. ఎనిమిది నెలలు తన సినిమాతో ఉన్నాడు గానీ సువర్ణరాజు ఇప్పటిదాకా ఈ చప్పుడు వినలేదు. ఎప్పుడూ మొదటి వరసలో కూర్చుని తెరనే చూశాడు. తన గొంతు మనిషి గుండె ఐసు దిమ్మ అని చెబుతుండగా హెడ్ కానిస్టేబుల్ పక్కాయనను రేపల్లె బస్సు ఎన్నింటికని అడిగాడు. పక్కాయన వివరంగా చెప్పాడు. స్త్రీ కన్నీటి కథ దగ్గర టైలర్ జిలానీ వేలితో పిలిచాడు.

"ఉప్పు తగ్గిందబ్బాయ్."

మూడు వారాల్లో ఆ హాల్లో సువర్ణరాజుకు ఎవరైనా మొహమాటం లేకుండా చెప్పిన మొదటి మాట అదే.

హీరో వీపు నడుస్తోంది. ఆ వీపు నడిచినంతసేపూ సువర్ణరాజు నడిచాడు. పొట్లాలు అయిపోతున్నాయి. ఇంతమంది తన మాటల్ని నమిలేస్తుంటే తను వరసల మధ్య ఉప్పు తగ్గిన బఠాణీలు పంచుతున్నాడు. ఐసు లారీ మూడోవైపు నుంచి వచ్చేసరికి కరకర ఎంత ఎక్కువయిందంటే లారీ చప్పుడు వినపడలేదు.

డిగ్రీ అమ్మాయి చెయ్యి చాపింది. పొట్లం తీసి అందించబోయాడు.

ఆ చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

సువర్ణరాజు కాసేపు అలాగే పట్టుకు నిలబడ్డాడు. ఆ అమ్మాయి అతణ్ని చూడటం లేదు. తెరవైపు తిరిగిన ఆమె మొహం మీద తెల్లటి వెలుగు ఉంది. అప్పుడతనికి ఇంకొకటి తెలిసింది. హాలు నిశ్శబ్దంగా ఉంది. ముందు వరసా లేదు, వెనక వరసా లేదు, ఎక్కడా నమలడం లేదు. జిలానీ నోరు తెరిచి ఉంది, అందులో బఠాణీ అలాగే ఉంది. సువర్ణరాజు తెరవైపు తల తిప్పలేదు. తిప్పక్కర్లేదు. ఎవరో చేత్తో ఐసు మీది తెల్లటి పొర తుడుస్తున్నారు, లోపల వాచీ, ముల్లు తిరుగుతోంది. లోలోపల లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. పదకొండు దాకా వచ్చింది.

సుత్తి పడింది.

వెంటనే ఆ అమ్మాయి వేళ్లు పొట్లం అందుకున్నాయి. హాలంతా ఒక్కసారే మళ్లీ నమలడం మొదలుపెట్టింది.

మొదటి వరసలో గోడ పక్క కుర్చీ, రెండు వారాలు నాంచారమ్మ కూర్చున్నది, ఖాళీగా ఉంది. సువర్ణరాజు దాని దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. లైట్లు వెలిగాక కూడా అక్కడే ఉన్నాడు.

బయటికి వచ్చి తట్ట స్టూలు మీద పెట్టాడు. తయారు చేసుకున్న జవాబులు ఒక్కటీ గుర్తు రాలేదు. మాస్టారు అడుగున మిగిలిన బఠాణీలు ఏరుకుని నోట్లో వేసుకుంటున్నారు.

"ఇదే హాల్లో నేను ఏడేళ్లు సోడాలమ్మాను" అన్నారు. "ఒక సినిమా ఆడేది. అందులో నాలుగో రీలు పడితే లోపలికి వెళ్లేవాణ్ని కాదు, సోడా అడిగేవాడు ఉండడు. బయట మెట్ల మీద కూర్చుని బీడీ కాల్చుకునేవాణ్ని."

అంతే చెప్పారు. నమలడం ఎక్కడ ఆగింది, ఎక్కడ మొదలయింది అని అడగలేదు.

సువర్ణరాజు కాసేపు మెట్లవైపు చూశాడు. "మాస్టారూ, ఆవిడ ఇల్లెక్కడ?"

"ఎవరి ఇల్లు?"

"నాంచారమ్మ గారిది."

"ఇంటికెందుకు పోతావు, తంతారు. పొద్దున ఆరింటికి రేవులో ఉంటుంది. అక్కడికి పో."

శుక్రవారం ఆరింటికి వాడరేవులో పడవలు ఒడ్డుకు లాగుతున్నారు. సువర్ణరాజు కెమెరా తెచ్చాడు. పద్మలత వచ్చింది. ఆటోలో, రంపపు పొట్టు కప్పిన గోనె కింద, రెండో దిమ్మ ఉంది. ఐసు ఫ్యాక్టరీవాళ్లు నెల రోజులు బతిమాలించుకుని రెండంటే రెండే దిమ్మలు చేసిచ్చారు. మొదటిదాన్ని అతని సుత్తి వాచీతో సహా పొడి చేసింది. రెండోదాంట్లో ఉన్నది పద్మలత సొంత వాచీ. ఇంకొకటి చేయమని అడిగితే కుక్కను వదులుతామన్నారు.

నాంచారమ్మ వాళ్లను చూసింది. చూడనట్టు బేరం చేసుకుంది. ఒక బేరం, రెండో బేరం, మూడో బేరం. సువర్ణరాజు మీదికి ఎండ వచ్చింది, అయినా నీడలోకి జరగలేదు. చివరికి అమ్మా, ఆ రోజు నేను, అని మొదలుపెట్టాడు.

"ఆ రోజు సంగతి ఇప్పుడెందుకయ్యా? కంపు కొడతంది గదా, అల్లంత దూరాన నిలబడు. బేరానికి అడ్డం."

పక్క బుట్టల వాళ్లు నవ్వారు. అందరికీ తెలిసే ఉంది. సువర్ణరాజు అల్లంత దూరాన నిలబడ్డాడు. ఆమెకు కోపం తగ్గలేదు. తగ్గాలని అడిగే హక్కు తనకు లేదని అతనికి అర్థమయింది. ఎండ ఎక్కింది. బుట్ట సగం ఖాళీ అయ్యాక ఆమే కేకేసింది.

"ఇంకా ఉండావా? ఏం గావాల?"

"ఐసు ఎట్లా కొడతారో చూపించమని."

ఆమె తన దిమ్మ మీదున్న ఇనప సువ్వ తీసి అతని చేతికిచ్చింది. కొట్టు అంది. రేవంతా చూస్తుండగా సువర్ణరాజు పైకెత్తి బలంగా పొడిచాడు. ఐసు పెళుసుగా చిట్లి ముక్కలు చేపల మీద, పద్మలత మొహం మీద, తన కాళ్ల మీద పడ్డాయి.

"అదిగో. అదే నీ సినిమా" అంది నాంచారమ్మ.

సువ్వ వెనక్కి తీసుకుంది. దిమ్మ పక్కన గొంతుక్కూర్చుంది. సువ్వ మొనతో చిన్నగా ఒక పోటు. జానెడు దూరంలో ఇంకొకటి. గుడ్డకు కుట్టు వేసినట్టు ఒకే వరసన నాలుగు పోట్లు. తర్వాత చెయ్యి ఆపేసింది. చెవి కొంచెం వంచింది. లోపల ఎక్కడో సన్నగా, దారం తెగినట్టు, ఒక చప్పుడు. తెల్లటి గీత ఒకటి పోటు నుంచి పోటుకు దానంతటది నడుచుకుంటూ పోయింది. ఆమె అరచేత్తో మెల్లగా తట్టింది. దిమ్మ రెండుగా విడిపోయింది. ఒక్క తునక కింద పడలేదు.

తీశావా అని పద్మలత గుసగుసగా అడిగింది. సువర్ణరాజు చేతిలో కెమెరా కిందికి వేలాడుతోంది.

ఆటోలోంచి రెండో దిమ్మ దించారు. ఇది పోతే ఇంకోటి లేదని సువర్ణరాజు చెప్పాడు. మీరే కొట్టాలన్నాడు. నాంచారమ్మ పమిట చెంగుతో దిమ్మ మీది పొట్టు దులిపి లోపలికి చూసింది. వాచీని చూసి, ఇదెందుకేశారని అడిగింది. పద్మలత, అది నాదేనండీ అంది. పాడుగాను, ముల్లింకా తిరగతందే అని నాంచారమ్మ సువ్వ తీసుకుంది. నా మొహం పెట్టబాక అంది. చేతులే తీస్తానన్నాడు. ఈసారి కెమెరా కిందికి దిగలేదు.

మధ్యాహ్నానికల్లా సినిమాలోంచి సముద్రం పోయింది. హీరో వీపు పోయింది. లారీ పోయింది. తన గొంతు దగ్గర సువర్ణరాజు ఆగాడు. పద్మలత అతని మొహం చూడకుండా తెర చూస్తూ కూర్చుంది. తుడిపెయ్యమన్నాడు. తుడిపేసింది. మిగిలింది నిమిషం పది సెకన్లు. ముసలి చేతులు, సువ్వ, నాలుగు పోట్లు, నిశ్శబ్దం, నడిచే గీత, విడిపోయే దిమ్మ, తడి ఐసు మీద వాచీ.

నాలుగింటికి లాప్‌టాప్ పట్టుకుని సువర్ణరాజు ఒక్కడే రేవుకు వెళ్లాడు.

శనివారం పొద్దున మాస్టారి బల్ల ముందు నిలబడ్డాడు. పరీక్ష కాయితం ముందు పెట్టాడు. పదింటికి పరీక్షకులు వస్తారు. లాప్‌టాప్ తెరవబోతే మాస్టారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

"నాంచారమ్మ చూసిందా?"

"చూసిందండీ."

"కోపం పోయిందా?"

"లేదండీ. తన చేతులు అంత నల్లగా ఉండవని తిట్టింది."

"సినిమా గురించి ఏమంది?"

"బాగుందనలేదు, బాలేదనలేదు. ఆ వాచీ ఎవరిదని అడిగింది."

మాస్టారు కళ్లజోడు లోంచి చూశారు. "అది పద్మలతదని ఆమెకు తెలీదా?"

"తెలుసండీ. ఎదురుగా విన్నది. పగలగొట్టింది కూడా ఆవిడే. అయినా అడిగింది. రెండుసార్లు అడిగింది."

"చెప్పావా?"

"లేదండీ."

మాస్టారు కలం తీసి సంతకం పెట్టారు.